గడగడా ఒక ఏడు, కూడబలుక్కుని ఒక ఏడు

పుదుచ్చేరిలో దారి తప్పడానికి చాలా ప్రతిభ ఉండాలి. గీత గీసి కట్టినట్టు వీధులన్నీ తిన్నగా పోతాయి, అడ్డవీధులన్నీ తిన్నగా వచ్చి కలుస్తాయి. త్రిమూర్తులు మాస్టారికి ఆ ప్రతిభ పుష్కలంగా ఉంది. యానాంలో అయితే ఫలానావారి అరుగు దగ్గర కుడికి, చేపల సంత దగ్గర ఎడమకి అని గుర్తు పెట్టుకోవచ్చు. ఇక్కడ ఏ మూల చూసినా ఇంకో మూలలాగే కనిపించేది. ఒర్లియంపేటలో తన గదికని బయల్దేరి కాలవ ఒడ్డున తేలేవాడు. పేరు చూసి పోదామంటే వీధి పలకల మీద ఒకవైపు ఫ్రెంచి, ఒకవైపు అరవం. ఆ రెండూ ఆయనకి రావు. వచ్చిన తెలుగు ఏ గోడ మీదా లేదు.

యానాం, పుదుచ్చేరి ఒకే సర్కారు కిందివి. మధ్యలో ఆంధ్రదేశం కొంత, అరవదేశం కొంత అడ్డం పడుకుని ఉన్నా కాగితం మీద మాత్రం రెండూ ఇరుగుపొరుగే. ఆ కాగితం పుణ్యమా అని డెబ్బై ఆరులో ఆయన గోదావరి గట్టు వదిలి పుదుచ్చేరి కోసపాళయంలో ఒక ప్రాథమిక బడికి తెలుగు మాస్టారుగా వచ్చిపడ్డాడు. భార్య వెంకటరమణమ్మ రాలేదు. మంచం పట్టిన తల్లిని వదిలి ఎలా వస్తుంది? చంటిపిల్ల నాగకుమారి కూడా తల్లి దగ్గరే ఉండిపోయింది. "ఈ ఒక్క ఏడాదేనే, వచ్చే వేసంగికి బదిలీ అయి వచ్చేస్తాను" అని ఏటా చెప్పి రైలెక్కేవాడు. వేసంగులు వచ్చేవి గానీ బదిలీ వచ్చేది కాదు. కూతురికి ఆయన నాన్న కాదు, సెలవులకి మిఠాయి పట్టుకొచ్చే చుట్టం. ఆ మాట భార్య నవ్వుతూనే అనేది. ఆయనకి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

బడి అంతా అరవంలోనే నడిచేది. పొద్దున్నే పిల్లలూ పంతుళ్లూ బారులు తీరి ప్రార్థన పాడేవారు. ఆ పాట ఏమిటో, అందులో ఎవరిని ఏమని పొగుడుతున్నారో త్రిమూర్తులుకి అంతు చిక్కలేదు. అయినా నోరు మూసుకుని నిలబడితే బాగుండదని, వినపడినదాన్ని వినపడినట్టు తెలుగు అక్షరాల్లో ఒక కాగితం మీద రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొన్నాళ్లు దాన్ని చూసి పాడాడు. తరవాత చూడకుండా పాడాడు, అయినా ధైర్యానికి కాగితం జేబులో ఉండేది. గొంతు మంచిదవడంతో హెడ్మాస్టరు అరుణాచలం ఒకసారి భుజం తట్టి, వచ్చీరాని తెలుగులో, "ఎన్న సార్, తమిళ్ ఇంత బాగా వచ్చేసింది!" అని మెచ్చుకున్నాడు. త్రిమూర్తులు తల వంచి నవ్వాడు. ఆ మెప్పు అందుకోవచ్చో కూడదో ఆయనకి తెలియలేదు.

ఇక ఆయన దగ్గర చదివే పిల్లలు. బజారుల్లో గాజుల అంగళ్లూ బట్టల అంగళ్లూ పెట్టుకుని ఎన్ని తరాల కిందట వచ్చి స్థిరపడ్డారో వాళ్లకే గుర్తు లేని తెలుగు కుటుంబాల పిల్లలు. మొత్తం కలిపితే వెనక వరండాలో ఒక చాప నిండేది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అది తెలుగేనని నమ్మడానికి త్రిమూర్తులుకి కొన్ని నెలలు పట్టింది. మొదటి రోజు విశాలాక్షమ్మ అనే పెద్దావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి, "యాడ నించి వచ్చినారు సామీ?" అంది.

"యానాం నించండి."

"అది యాడుండాది?"

"కాకినాడ పక్కనండి. గోదారి ఒడ్డునండి."

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందకీ చూసి, "మీ తెలుగు సినిమాలో మాట్లాడినట్టుండాది. మా పాపకూ అట్ల నేర్పించండి. పేరు అలివేలు. మా ఇంట్లో తెలుగు మాట్లాడేది అందరమూ, చదివేది మటుకు ఎవరమూ లేము" అంది. అలివేలుకి అప్పుడు ఏడేళ్లు ఉంటాయేమో. రెండు జడలు, చెవులకి ఎర్రరాళ్లు, కళ్లు మాత్రం అంగడిలో గాజులు లెక్కపెట్టే మనిషి కళ్లలా చురుగ్గా ఉన్నాయి.

తెలుగు వాచకాలు ఆంధ్రా నించి రావాలి. అవి దీపావళి దాటితే గానీ వచ్చేవి కావు, వచ్చినా ముగ్గురికి ఒకటి. అందుకని త్రిమూర్తులు తనకి చేతనైన పద్ధతి పట్టాడు. ఆయన చెప్పడం, పిల్లలు వల్లించడం. ఆయన చెప్పే తీరు మాత్రం బాగుండేది. "వాన వచ్చింది. వాగు పొంగింది. కప్ప బెకబెకమంది" అని ఆయన చేతులు తిప్పుతూ చెబుతుంటే అరవం క్లాసుల పిల్లలు కూడా కిటికీల్లోంచి తలలు పెట్టేవారు. చాప మీద పిల్లలందరిలో అలివేలు ఒకసారి వింటే చాలు, మళ్లీ అప్పజెప్పేది. పుస్తకం చేతికిస్తే గడగడా చదివేది. నల్లబల్ల మీద రాసింది చూసి పలక మీద రాయమంటే ముత్యాలు పేర్చినట్టు రాసేది. పిల్ల మూడో తరగతికి వచ్చేసరికి ఆయనకి ఈ ఊళ్లో ఉన్న ఒకే ఒక్క సంతోషం అలివేలు చదువే.

డెబ్బై తొమ్మిది ఫిబ్రవరిలో విద్యాశాఖలో పనిచేసే భీమశంకరం గారు కబురు చేశాడు. ఆయనదీ యానామే. మాస్టారి బదిలీ దరఖాస్తు ఆయన బల్ల మీదే ఉంది. త్రిమూర్తులు వెళ్తే కాఫీ తెప్పించి, "చూడండి మాస్టారూ, ఒక్క చాపెడు పిల్లల కోసం మిమ్మల్ని ఇక్కడ అట్టేపెట్టడం దండగని పైవాళ్లు గొణుగుతున్నారండి. మీ బడి యాన్యువల్ డేకి నేనే వస్తాను. పిల్లలు బాగా చదివితే క్లాసు ఉంటుంది, మీరూ ఉండాలి. లేదంటే క్లాసు ఎత్తేసి మిమ్మల్ని యానాం పంపేస్తాం. ఎలా జరిగినా మీకు నష్టం లేదు కదండీ!" అన్నాడు.

"మరేనండి" అని వచ్చేశాడు త్రిమూర్తులు. వీధిలోకి వచ్చాక గానీ తల తిరగడం మొదలవలేదు. పిల్లలకి చదువు రాలేదని తేలితే వేసంగికి ఇల్లు చేరుకుంటాడు. కూతురు ఒళ్లో పడుకుంటుంది. కానీ చదువు రాలేదని తేలితే ఇన్నాళ్లూ ఆయన వెలగబెట్టింది ఏమిటి? పోనీ బాగా చదివితే? మాస్టారి పరువు నిలబడుతుంది, మనిషి మాత్రం ఒర్లియంపేట గదిలో కుళాయి నీళ్లకి వరస కాస్తూ ఉండిపోతాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఆ రోజు ఆయన తిన్నని వీధుల్లో మూడుసార్లు దారి తప్పాడు.

చివరికి మాస్టారి రోషమే గెలిచింది. అలివేలుకి చదువులో మొదటి బహుమతి ఇప్పించాలని, అధికారి ఎదుట ఆ పిల్ల చేతే చదివించాలని నిశ్చయించుకున్నాడు. వెంకటరమణమ్మకి ఈ సంగతి చెప్పలేదు. ఏమని చెబుతాడు?

మార్చిలో వార్షికోత్సవం రోజున బడి ముందు పందిరి వేశారు. ఆ ఊళ్లో బహుమతి అంటే ఎవర్‌సిల్వరే, అంటే స్టీలు సామానే. బజారు అంగళ్లవాళ్లు తలా ఒకటి ఇస్తారు. మొదట వచ్చినవాళ్లకి టిఫిన్ డబ్బా, రెండోవాళ్లకి గిన్నె, పరుగుపందెంలో పడి మోకాళ్లు కొట్టుకున్నవాడికి ఓదార్పుగా ఒక గరిటె. బల్ల మీద అవన్నీ ఎండకి తళతళలాడుతుంటే పిల్లలకన్నా తల్లులే ఎక్కువగా అటు చూస్తున్నారు. అరుణాచలం ఏడాది నివేదిక అందుకున్నాడు. మంచి మనిషే గానీ మైకు దొరికితే వదలడు. బడికి కొత్తగా బోరింగు పడిన సంగతి, కబడ్డీలో సోలై నగర్ పిల్లల్ని ఓడించి ఆ తరవాత ఇంకెవరి చేతుల్లోనో ఓడిన సంగతి, ఐదో తరగతి ధనపాల్ వేసిన ఓడ బొమ్మ గవర్నరు గారి బంగళాలో గోడకెక్కిన సంగతి, మధ్యాహ్నం అన్నంలో సాంబారు చిక్కబడిన సంగతి, అన్నీ చెప్పాడు. చిట్టచివర తెలుగు క్లాసులో అందరూ పాసయ్యారన్నాడు. త్రిమూర్తులుకి అర్థమైంది ఆ ఒక్క ముక్కే.

అలివేలు పేరు పిలిచారు. పిల్ల పట్టు పావడా కట్టుకుని వచ్చింది. డబ్బాతోపాటు భీమశంకరం తన సొంత ఖర్చుతో తెచ్చిన కొత్త తెలుగు కథల పుస్తకం ఒకటి పిల్ల చేతిలో పెట్టి, "ఏదీ, ఏదో ఒక పేజీ తీసి చదివి వినిపించమ్మా" అని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. మెళ్లో దండ వల్ల ఆయనకి కదలడమూ కుదరలేదు. త్రిమూర్తులు పిల్ల పక్కనే నిలబడ్డాడు.

అలివేలు పుస్తకం మధ్యకి తెరిచింది. ఆ పేజీలో ఏనుగు బొమ్మ ఉంది, దాని ముందు నక్క ఉంది. పిల్ల ఆ పేజీ మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "వాన వచ్చింది. వాగు పొంగింది. కప్ప బెకబెకమంది."

త్రిమూర్తులుకి మొదట ఏమీ అర్థం కాలేదు. తనే తప్పుగా చూస్తున్నాడనుకున్నాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పేజీలో వాన లేదు, వాగు లేదు, కప్ప అసలే లేదు. పిల్ల వేలు మాత్రం వరస తప్పకుండా ఎడమ నుంచి కుడికి జరుగుతోంది. పాఠం మొత్తం, ఒక్క ముక్క పోకుండా, ఆయన చెప్పిన చోటల్లా చెయ్యి తిప్పుతూ అప్పజెబుతోంది. ఈ పిల్లకి చదవడం రాదు. ఎప్పుడూ రాలేదు. వాచకం మొత్తం కంఠతా పట్టి ఇన్నాళ్లూ వల్లిస్తోంది, తను చదువుతోందనుకుంటున్నాడు.

నోరు తెరిస్తే చాలు. "అయ్యా, పిల్ల చదవడం లేదండి" అంటే క్లాసు పోతుంది, యానాం రైలు వస్తుంది. నోరు తెరిచాడు కూడా. ఏమనాలో తేలేలోపల పాఠం అయిపోయింది, చప్పట్లు మొదలయ్యాయి. తెలుగు ముక్క రానివాళ్లు కూడా కొట్టారు. విశాలాక్షమ్మ ముందు వరసలో కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. భీమశంకరం లేచి నిలబడి, "గోదారి పారినట్టుందండి! ఇటువంటి మాస్టారుని ఇక్కడినించి కదపడం పాపం. క్లాసు ఉంటుంది, మాస్టారూ ఉంటారు" అని మైకులోనే ప్రకటించేశాడు. అందరూ త్రిమూర్తులు వైపు తిరిగి మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు జోడించాడు. తను చేసింది మంచా, మోసమా, తనకి జరిగింది సన్మానమా, శిక్షా, ఏదీ తేల్చుకోలేక అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు సాయంత్రం అలివేలు ఇంటికి వెళ్లాడు. కోపం తెచ్చుకోవాలని దారంతా ప్రయత్నించాడు. గాజుల అంగడి ముందు భాగం, ఇల్లు వెనక. గాజుల మధ్య అద్దాల బీరువాలో టిఫిన్ డబ్బా, దాని పక్కన కథల పుస్తకం పెట్టి రెండింటికీ కుంకుమ బొట్టు పెట్టారు. విశాలాక్షమ్మ పిల్లని పీట మీద కూచోబెట్టి ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తోంది. "రండి సామీ. ఊరంతా చప్పట్లు కొట్టి నా బిడ్డకు దిష్టి పెట్టినారు" అంది.

త్రిమూర్తులు నీళ్లు నమిలి, "అమ్మా, పిల్లకి... అక్షరాలు ఎవరు నేర్పారండి?" అన్నాడు.

"మీరే కదా! మీరు బడిలో చెప్పినది పాప ఇంటికి వచ్చి నాకు చెప్తాది. నేను పలక మీద తమిళ అక్షరాల్లో రాసి ఇస్తాను. అది చూసి పాఠం చేస్తాది. మా అమ్మ దగ్గిర పెండ్లి పాటలు నేనూ అట్లనే నేర్చుకున్నా. మా ఇంట్లో తెలుగు యాపొద్దూ అట్లనే వస్తాది." ఆవిడ ముఖంలో దాపరికం లేదు సరికదా, తనకీ కొంచెం మెప్పు దక్కాలన్న ఆశ ఉంది. "ఏంది సామీ, పాప తప్పుగా చెప్పినాదా?"

"తప్పు లేదండి. ఒక్క అక్షరం తప్పు లేదు" అన్నాడాయన. అదీ నిజమే. అలివేలు వైపు తిరిగి, "నిన్న ఆ పుస్తకంలో నువ్వు చదివింది లేదు కదమ్మా?" అని మెల్లగా అడిగాడు.

పిల్ల బిత్తరపోయింది. "చదవడమంటే పుస్తకం పట్టుకుని చెప్పడమే కదా సార్?"

ఆయన నేర్పింది అదే. పిల్ల కాసేపు ఆయన ముఖంలోకి చూసి, ఆయన దేనికో బాధపడుతున్నాడని గ్రహించి, సాయం చేద్దామన్నట్టు అంది. "మీరూ అట్లనే కదా సార్, పొద్దున ప్రేయరు పాడేది? జేబులో కాగితం పెట్టుకుని? మాకందరికీ తెలుసు."

తెచ్చుకున్న కాస్త కోపం అక్కడే జారిపోయింది. త్రిమూర్తులు జేబు తడుముకున్నాడు. కాగితం ఉంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో తనూ ఏనుగు బొమ్మ మీద వేలు పెట్టి కప్ప పాఠం చదువుతున్నాడు. సిగ్గు వేసింది, నవ్వూ వచ్చింది. విశాలాక్షమ్మ ఇచ్చిన కాఫీ ఏ చేత్తో తీసుకున్నాడో ఆయనకే గుర్తు లేదు.

జూన్‌లో బడి తెరవగానే నాలుగో తరగతికి వచ్చిన అలివేలుతో సహా అందర్నీ చాప మీద కూచోబెట్టి 'అ' దగ్గర మొదలుపెట్టాడు. పాఠాలు చెప్పడం మానేశాడు. చేతులు తిప్పడం మానేశాడు. పిల్లలు ఎన్నడూ విననివి, ఏ వాచకంలోనూ లేనివి తనే కల్పించి నల్లబల్ల మీద రాసి, ఏమీ చెప్పకుండా కిటికీ వైపు తిరిగి నిలబడేవాడు. "గడగడా వద్దు. కూడబలుక్కో. తొందర లేదు" అనేవాడు. పిల్లలకి ఇది శిక్షలా ఉంది. అలివేలు మరీ కుంగిపోయింది. నిన్నటి దాకా ఏరులా పారిన పిల్ల, 'పిల్లి' అన్న మాట దగ్గర ఆగిపోయి పెదాలు కొరుక్కునేది. ఒకరోజు పలక నేలకేసి కొట్టి ఏడ్చింది. ఇంట్లో పలక మీద తమిళంలో రాసివ్వద్దని విశాలాక్షమ్మకి చెప్పినందుకు ఆవిడకీ కోపం వచ్చింది.

"వచ్చిన చదువును పోగొడతా ఉండారే సామీ! అది అప్పుడే చెప్పినా, దిష్టి తగిలిందని" అని బడి గేటు దగ్గరే నిలదీసింది.

త్రిమూర్తులు మనసు కూడా ఊగిసలాడేది. గదిలో ఒంటరిగా అన్నం వండుకుంటూ, ఇది పిల్లకి మేలా, లేక నా రోషమా అని అడుక్కునేవాడు. మేలు చేస్తున్నవాడికి మేలు చేస్తున్నట్టు తెలియాలి కదా. ఆయనకి తెలియలేదు. ఆ మధ్య సెలవులకి వెళ్తే కూతురు "ఎప్పుడు వెళ్తారు?" అని అడిగింది. ఉండమనా, పొమ్మనా, అదీ తెలియలేదు.

ఒక్కటి మాత్రం చేశాడు. జేబులో కాగితం తీసి పారేశాడు. ప్రార్థనలో నోరు మూసుకుని నిలబడ్డాడు. అరుణాచలం గొంతు బాగాలేదా అని అడిగితే, "పాట నేర్చుకుంటున్నానండి" అన్నాడు. క్లాసు అయ్యాక కాసేపు అలివేలే ఆయనకి తమిళ అక్షరాలు దిద్దించేది. ఆ పిల్ల ముఖంలో నవ్వు కనిపించేది అప్పుడే. "తప్పు సార్. మళ్లీ రాయండి. తొందర లేదు" అనేది.

మళ్లీ మార్చి వచ్చింది. పందిరి వేశారు, ఎవర్‌సిల్వర్ తళతళలాడింది, అరుణాచలం మైకు పట్టుకున్నాడు. భీమశంకరం మళ్లీ వచ్చాడు. ఈసారి పక్కన మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన పెద్ద అధికారి కూడా ఉన్నాడు. ఆయనకి చూపించి మెప్పు పొందాలని భీమశంకరం ఆత్రం. "ఏదమ్మా అలివేలు? పోయినేడు నేనిచ్చిన పుస్తకం తెచ్చావా?" అన్నాడు. విశాలాక్షమ్మ బీరువాలోంచి తీసి తెచ్చింది. ఏడాదిగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, కుంకుమ బొట్టు కూడా చెదరలేదు. భీమశంకరం తనే ఒక పేజీ తెరిచి ఇచ్చాడు. అదే ఏనుగు, అదే నక్క.

అలివేలు త్రిమూర్తులు వైపు చూసింది. పోయినేటి వానా వాగూ ఇప్పటికీ ఆ పిల్ల నోట్లోనే ఉన్నాయి. కావాలంటే గడగడా వదలగలదు. అందరూ చప్పట్లు కొడతారు. క్లాసు నిలబడుతుంది.

పిల్ల వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. "న... క్క. నక్క. అ... డి... గి... అడిగింది." ఆగింది. "నా... క... లు... గు... లో... కలుగులో... దూ... ర... గ... ల... వా?"

వెనక వరసల్లో కుర్చీలు కిరకిరలాడాయి. ఎవరో పిల్లాడు నవ్వాడు. పెద్ద అధికారి గడియారం చూసుకున్నాడు. భీమశంకరం ముఖం మీద చిరునవ్వు ఎండిపోతోంది. అలివేలు చెవులు ఎర్రబడ్డాయి, అయినా వేలు తీయలేదు. "ఏ... ను... గు... అం... ది... దూ... ర... లే... ను... గా... నీ... మూ... య... గ... ల... ను. అ... ని... క... లు... గు... మీ... ద..." అక్కడ ఒక ఒత్తు అడ్డం పడింది. "కూ... కూరు... కూర్... చుం... ది."

వేలు వెనక్కి జరిపి ఆ ముక్క ఇంకోసారి చూసుకుంది. తరవాత ఆ పిల్ల ముఖం మారిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి, భుజాలు కదిలాయి, ఒక్కసారి పకపకా నవ్వేసింది. పుస్తకం గుండెలకి అదుముకుని, మైకు ముందు, అంతమంది ఎదుట, ఆపుకోలేక నవ్వింది. ఏనుగు కలుగు మీద కూర్చుంది! నక్క లోపల! ఆ సంగతి ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. అక్షరాలే చెప్పాయి.

జనానికి ఏమీ అర్థం కాలేదు. పిల్లకి భయంతో మతి చలించిందనుకున్నారు. ఆ పందిరి కింద నవ్వినవాడు ఇంకొక్కడే, త్రిమూర్తులు. నవ్వుతూనే చప్పట్లు కొట్టాడు. ఆయన చప్పట్లు ఒంటరిగా, పిచ్చివాడి చప్పట్లలా మోగాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

భీమశంకరం ఆయన్ని పక్కకి లాక్కుపోయాడు. "ఇదేంటండి మాస్టారూ? పోయినేడు గోదారిలా పారిన పిల్ల ఇప్పుడు నత్తిగా చదువుతుందేంటండి? ఏడాదంతా ఏం చేశారు?"

చెప్పడానికి మాట ఉంది. పోయినేడు పిల్ల చదవలేదండి, ఈ ఏడే చదివింది. అంతే. కానీ అది చెబితే పోయినేటి బహుమతి దొంగ బహుమతి అవుతుంది. బీరువాలో బొట్టు పెట్టిన డబ్బా, దిష్టి తీసిన ముసలావిడ, ఏమీ ఎరగని ఆ పిల్ల, అందరూ మోసగాళ్లవుతారు. త్రిమూర్తులు తల దించుకుని, "నావల్లే వెనకబడిందండి" అన్నాడు.

ఏప్రిల్‌లో ఉత్తర్వులు వచ్చాయి. తెలుగు క్లాసు ఎత్తేశారు, ఆయన్ని యానాం పంపారు. నాలుగేళ్లుగా ఏ కాగితం కోసం కళ్లు కాయలు కాచేలా చూశాడో ఆ కాగితమే. అరుణాచలం అభినందించి కరచాలనం చేశాడు. గదికి వచ్చి తలుపు వేసుకుని త్రిమూర్తులు ఏడ్చాడు. ఇంటికి పోతున్నందుకా, చాప చుట్టేస్తున్నందుకా అంటే చెప్పలేడు. రెండూ ఒకే ఏడుపులో వచ్చాయి.

బయల్దేరే రోజు బస్సుస్టాండుకి విశాలాక్షమ్మ మనవరాలితో వచ్చింది. చేతిలో దారికి పులిహోర పొట్లం. కోపం పోయినట్టే ఉంది. "బీరువా తాళం తీసి పుస్తకం పాపకే ఇచ్చేసినా సామీ, ఇంకేం చేసేది?" అంది. "రోజూ నాకు కథ చదివి చెప్తా ఉండాది. అక్షరం అక్షరం గుంజుతాది. కథ ముగిసేలోపల నాకు నిద్ర వచ్చేస్తాది. అయినా మా ఇంట్లో తెలుగు చదివిన మనిషి ఇదే మొదులు."

"ఇంకా రెండు కథలు ఉండాయి సార్. ఎవరూ చెప్పాల్సిన పని లేదు, నేనే చదువుకుంటా" అంది అలివేలు.

త్రిమూర్తులు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. వరసగా నిలబడిన బస్సుల్లో మద్రాసు బస్సు ఏదో, ఎప్పటిలాగే ఎవరినైనా అడుగుదామని అటూ ఇటూ చూశాడు. అలివేలు ఆయన సంచీ పట్టుకుని ఆపింది. "అడక్కండి సార్. చదవండి."

ఆయన బోర్డు వైపు తలెత్తాడు. గుండ్రటి తమిళ అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి. "చె..." అన్నాడు. వెనకనుంచి ఎవరో తోశారు. కండక్టరు ఎక్కమని కేకలేస్తున్నాడు. "చె... న్..."

"తొందర లేదు సార్" అంది అలివేలు.

"...నై. చెన్నై" అన్నాడు త్రిమూర్తులు. మద్రాసుకి అరవంలో ఆ పేరే. వెనకవాళ్లందరూ విసుక్కుంటుండగా అలివేలు ఒక్కతే చప్పట్లు కొట్టింది.